పోర్ట్‌బ్లెయిర్ శివారు ఊళ్లు ఖాళీ జాగాలు కావు

పోర్ట్‌బ్లెయిర్ నుంచి వాండూర్ వెళ్లే దారిలో గరాచర్మా బజారు దాటగానే ఇళ్లు పలచబడతాయి. రోడ్డుకు ఒక పక్క కొండవాలు, దాని మీద పోకచెట్లు, కొబ్బరిచెట్లు, వాటి మధ్య అక్కడక్కడా రేకుల కప్పు వేసిన చెక్క ఇల్లు. ఒక గడపకూ ఇంకో గడపకూ మధ్య గట్టిగా కేకేస్తే తప్ప మాట అందదు. పర్యాటకుల కార్లు ఇక్కడ ఆగవు. వాళ్లకు కావలసింది వాండూర్ తీరం, అక్కడి నుంచి జాలీబాయ్ దీవికి వెళ్లే పడవ. కిటికీలోంచి చూసి ‘ఎంత ఖాళీగా ఉందో’ అనుకుంటూ వెళ్లిపోతారు.

పర్యాటకులు అలా అనుకుంటే నష్టం లేదు. నగర విస్తరణకు ప్లాన్లు గీసేవాళ్లు కూడా అలాగే అనుకోవడమే అసలు ప్రమాదం. చెత్త పోయడానికి, రాయి కొట్టడానికి, సౌర ఫలకాలు పరచడానికి, రేపు ఇళ్ల ప్లాట్లు వేయడానికి జాగా ఎక్కడుందంటే వేలు ఈ ఊళ్ల వైపే పోతుంది. జనం పలచగా ఉన్న చోటును ఎవరూ లేని చోటుగా లెక్కగట్టడం తప్పు. అండమాన్ రాజధాని శివార్లలో ఈ తప్పు దశాబ్దాలుగా జరుగుతోంది. ఇక్కడి జనంలో మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి ఇది తెలుగువాళ్లు పట్టించుకోవలసిన సంగతి కూడా.

ముందు అంకెలు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 46 మంది. పోర్ట్‌బ్లెయిర్ పట్టణంలో అప్పటికే లక్షా 8 వేల మంది. మొత్తం జనంలో నాలుగో వంతుకు పైగా ఒక్క ఊళ్లోనే సర్దుకున్నారు. దీవుల నేలలో 85 శాతానికి పైగా అడవిగా నమోదై ఉంది. అందులో జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం ఉంది, జాతీయ పార్కులున్నాయి. సాగుకూ నివాసానికీ మిగిలేది కొండల మధ్య సన్నని పల్లాలు, వాలు నేలలు. అందువల్ల ఇక్కడ శివారు అంటే హైదరాబాద్ చుట్టూ ఉన్నట్టు కనుచూపు మేర పరుచుకున్న మైదానం కాదు. ఒక పక్క అడవి, ఇంకో పక్క ఉప్పునీరు, వాటి మధ్య ఇరుక్కున్న ఊరు.

నగరం పెరుగుతూనే ఉంది. 2011 జనగణన నాటికే గరాచర్మా, ప్రోత్రాపూర్, బంబూఫ్లాట్‌లు జనగణన పట్టణాలుగా లెక్కకెక్కాయి. తర్వాత మున్సిపల్ హద్దులు విస్తరించి వార్డులు 18 నుంచి 24కు పెరిగాయి. 2023 జులైలో విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వచ్చింది, ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులను తట్టుకునేలా కట్టారు. 2024 సెప్టెంబరులో కేంద్రం నగరం పేరును శ్రీవిజయపురంగా మార్చింది. విమానాల్లో అంతమంది దిగితే హోటళ్లు కావాలి, హోటళ్లలో పనిచేసేవాళ్లకు అద్దె ఇళ్లు కావాలి, అందరికీ నీళ్లు కావాలి. అవన్నీ ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు జవాబు మళ్లీ ఈ శివారు ఊళ్లే.

ఈ ఊళ్లు ఎవరూ లేనిచోట వాటంతటవే మొలిచినవి కావు. 1858లో బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ ఖైదీల వలస పెట్టారు. శిక్షలో కొంతకాలం గడిచి, నడవడి బాగుందనిపించుకున్న ఖైదీలకు జైలు బయట బతకడానికి అనుమతి టికెట్ ఇచ్చి, భూమి ఇచ్చి, పెళ్లి చేసుకోనిచ్చి, చుట్టూ పల్లెలు కట్టించారు. అడవి నరికి మడి చేసింది ఆ ఖైదీలే. ప్రోత్రాపూర్, ఆస్టినాబాద్, ఫెర్రార్‌గంజ్ వంటి పేర్లు తెల్లదొరల నుంచి వచ్చినవే. వాటి పక్కనే కాలికట్, మంజేరి, తిరూర్, వాండూర్ కనిపిస్తాయి. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత పట్టుబడి ఇక్కడికి వచ్చిన మాప్పిళ్ల ముస్లింలు తమ సొంత ఊళ్ల పేర్లు పెట్టుకున్న పల్లెలివి. కేరళ పటంలో చూసిన పేరు బంగాళాఖాతం మధ్యలో కనిపిస్తే, ఆ పేరు పెట్టుకున్నవాడు తిరిగి ఇంటికి పోలేడని తెలిసే పెట్టుకున్నాడని గుర్తు చేసుకోవాలి.

1949లో తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. వాళ్ల పునరావాస పథకం కింద కుటుంబానికి పది ఎకరాలు: ఐదు ఎకరాలు వరి పండే పల్లం, ఐదు ఎకరాలు తోట వేసుకునే కొండ నేల. హంఫ్రీగంజ్, తుష్నాబాద్, మంగ్లూటాన్ వైపు పల్లెలు అలా నిండాయి. హంఫ్రీగంజ్ నేలకు అంతకుముందే నెత్తురు అంటింది. జపాన్ ఆక్రమణ కాలంలో, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో 44 మంది భారతీయులను అక్కడ కాల్చి చంపారు. స్మారకం రోడ్డు పక్కనే ఉంది. సెల్యులార్ జైలు చూడటానికి వచ్చే లక్షల మందిలో అక్కడిదాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

తెలుగువాళ్ల రాక వేరే దారిలో జరిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి మత్స్యకార కుటుంబాలు చేపల వేటకు వచ్చాయి. కొందరిని ప్రభుత్వమే రప్పించి స్థిరపరిచింది. ఇంకా ఎక్కువమంది విశాఖ రేవులో ఓడెక్కి, రెండు రాత్రులు దాటిన ప్రయాణం చేసి, ముందే వచ్చిన బావనో చిన్నాన్ననో వెతుక్కుంటూ దిగారు. నగరంలోని జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ఇవాళ్టికీ బేరాలు తెలుగులో సాగుతాయి. ఆ యాసలో శ్రీకాకుళం వినపడుతుంది. 2011 లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతానికి పైనే, సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనది. 2022 మున్సిపల్ ఎన్నికల్లో 24 వార్డుల్లో రెండింటిని తెలుగుదేశం గెలిచింది. మరుసటి ఏడాది ఆ పార్టీకి చెందిన ఎస్. సెల్వి కౌన్సిల్ చైర్‌పర్సన్ అయ్యారు. అప్పుడు ఆ వార్త తెలుగు పత్రికల్లో కనిపించింది. ఆ తర్వాత అండమాన్ తెలుగువాళ్ల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు.

ఇక సిప్పీఘాట్ సంగతి. శివారు కథ అంతా అక్కడ ఒక్కచోటే కళ్లకు కడుతుంది.

గరాచర్మా దాటాక రోడ్డు ఒక విశాలమైన పల్లంలోకి దిగుతుంది. 2004 డిసెంబరు 25 సాయంత్రం దాకా అది పొలం. మరునాడు పొద్దున భూకంపం వచ్చింది, వెనకే సునామీ వచ్చింది. అల వచ్చినట్టే వెనక్కి పోయి ఉంటే ఒకటి రెండు వానకాలాలు ఉప్పు కడిగేసేవి, మళ్లీ నాట్లు పడేవి. కానీ భూకంపానికి దక్షిణ అండమాన్ నేలే దాదాపు మీటరు మేర కుంగిపోయింది. అంతకుముందు సముద్ర మట్టానికి పైన ఉన్న మడి ఇప్పుడు పోటు నీటికి అందేంత కిందకు వచ్చింది. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. నీళ్లలో మునిగిన రోడ్డును తర్వాత ఎత్తు పెంచి వేశారు. పోటు తీసినప్పుడు చూస్తే బురదలో పాత గట్ల గీతలు కనిపిస్తాయి. నిలబడి ఎండిపోయిన చెట్ల మొదళ్లు చాలాకాలం అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు అక్కడ కొంగలు, అండమాన్ బాతులు తిరుగుతాయి. పక్షుల్ని చూడటానికి కెమెరాలతో వచ్చేవాళ్లకు అది మంచి చోటు. పొలం పోయినవాళ్లకు అది తమ సర్వే నంబరు.

మునిగిన మడికి బదులుగా ఇంకో మడి ఇవ్వడం ఈ దీవుల్లో తేలిక కాదు. చుట్టూ ఉన్నది అడవి, ముట్టుకోవడానికి వీల్లేదు. గరాచర్మాలోనే ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉప్పును తట్టుకునే వరి రకాలను తయారుచేసింది. 1978లో మొదలైన ఈ సంస్థ సునామీ తర్వాత చేసిన పనుల్లో అది మెచ్చుకోదగినది. అయితే కొంచెం ఉప్పు తేలిన నేలకు ఆ విత్తనం పనికొస్తుంది, రోజూ సముద్రం వచ్చి కూర్చునే నేలకు ఏ విత్తనమూ లేదు. ఆ రైతుల పిల్లలు చాలామంది నగరంలో కూలికీ, డ్రైవింగ్‌కూ, చిన్న ఉద్యోగాలకూ వెళ్లారు. పల్లెలో ఇల్లు మిగిలింది, పల్లె బతుకుతెరువు పోయింది. ఒక ఊరు శివారుగా మారడమంటే ఇదే. పొద్దున్నే బస్సెక్కి పోయి, చీకటిపడ్డాక దిగేవాళ్ల ఊరు అవుతుంది.

నీళ్ల సంగతి ఇంతకంటే నొప్పి కలిగిస్తుంది. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రాయలసీమ రైతు వింటే నమ్మడు. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ ముంచెత్తుతాయి. అయినా జనవరి దాటి ఏప్రిల్ వచ్చేసరికి పోర్ట్‌బ్లెయిర్‌లో కుళాయి మూడు నాలుగు రోజులకొకసారి వస్తుంది. కారణం నేల తీరే. కొండలు నిట్టనిలువు, వాగులు పొట్టివి, కురిసిన నీరు చూస్తుండగానే సముద్రంలో కలిసిపోతుంది. పెద్ద నది లేదు. నగరానికి ప్రధాన ఆధారం 1973లో కట్టిన ధనిఖారి ఆనకట్ట. అది ఉన్నదీ నగరం బయట, పల్లెల మధ్యలోనే. ఆ చెరువు నిండాలంటే దాని చుట్టూ ఉన్న కొండల మీద చెట్లుండాలి, మట్టి కోసుకుపోకూడదు, పైన కట్టడాలు రాకూడదు. అంటే ఆ పల్లెలు పలచగా ఉండటమే నగరానికి నీళ్లు.

ఇంత మేలు చేస్తున్న పల్లెలకు నగరం ఏమిస్తోంది? కొండవాలు ఇళ్లలో చూరు కింద వరుసగా డ్రమ్ములు పెట్టుకుంటారు. వాన వచ్చినప్పుడు రేకు మీద నుంచి జారే నీటిని ఒక గొట్టంతో అందులోకి మళ్లిస్తారు. మొదటి వాన నీళ్లు పారబోసి, రెండో వాన నుంచి పట్టుకుంటారు. ఎండాకాలం బావి అడుగంటితే ట్యాంకర్ కోసం ఎదురుచూపు. రోడ్డు పక్క ఇంటికి ట్యాంకర్ చేరుతుంది, వాలు మీద పైన ఉన్న ఇంటికి నీళ్లు బిందెలతో మోసుకెళ్లాలి. ఆ మోత ఎక్కువగా ఆడవాళ్లదే. రట్లాండ్ దీవి నుంచి సముద్రం అడుగున గొట్టం వేసి నగరానికి నీళ్లు తెచ్చే ఆలోచన ఏళ్ల తరబడి నలుగుతోంది. అంత ఖర్చు పెట్టే ముందు, ఊరూరా పైకప్పు వాననీటి ట్యాంకు కట్టిస్తే అయ్యే ఖర్చు ఎంతో ప్రభుత్వం లెక్కవేసి జనం ముందు పెట్టాలి. ఇంత వానపడే చోట ఇంటి కప్పే మొదటి చెరువు కావాలి.

కరెంటుదీ ఇదే తీరు. దీవులకు ప్రధాన భూభాగం గ్రిడ్‌తో లంకె లేదు. ఎక్కువగా ఓడల్లో వచ్చే డీజిల్ కాల్చే కరెంటు తీస్తారు. సౌర విద్యుత్తు పెంచుదామనుకున్నప్పుడు ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల కేంద్రం పెట్టింది గరాచర్మాలో. తర్వాత 20 మెగావాట్ల సౌర కేంద్రం, బ్యాటరీలతో సహా, వచ్చింది డాలీగంజ్, ఆటంపహాడ్ దగ్గర. ఇవి మంచి పనులే, పెట్టవలసినవే. కానీ ఇవి కూర్చున్న నేల పల్లెలది అన్న సంగతి పథకం శిలాఫలకాల మీద ఎక్కడా ఉండదు.

చెత్త మాటకొస్తే బ్రూక్‌షాబాద్ పేరు చెప్పాలి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర విభాగం నడిచేది ఆ ఊళ్లోనే. సముద్రాన్ని చదివే పిల్లలు అక్కడికి వస్తారు. నగరం చెత్త లారీలు కూడా ఆ ఊరికే వస్తాయి. పోర్ట్‌బ్లెయిర్ డంపింగ్ యార్డు ఉన్నది అక్కడే. ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చిన ప్రతి బిస్కెట్ పొట్లం కవరూ, ప్రతి నీళ్ల సీసా ఈ దీవిలోనే మిగిలిపోతాయి. ఆ గుట్ట ఎండాకాలంలో అంటుకున్న సందర్భాలున్నాయి. ప్లాస్టిక్ పొగ చుట్టుపక్కల ఇళ్లలోకే పోతుంది, విమానాశ్రయం లాంజిలోకి రాదు. భారీ వానలు పడే చోట గుట్టను కడిగిన నీరు ఎటు పోతుందో చెప్పడానికి శాస్త్రజ్ఞుడు అక్కర్లేదు. వాలు ఎటుంటే అటు, చివరికి సముద్రంలోకి.

విశాఖవాసులకు ఇది కొత్త కాదు. కాపులుప్పాడ చెత్త గుట్ట వాళ్లకు తెలుసు. హైదరాబాద్ వాళ్లకు జవహర్‌నగర్ తెలుసు. ‘ఊరికి దూరంగా, ఎవరూ లేనిచోట’ అని మొదలుపెట్టిన గుట్టల చుట్టూ ఇవాళ వేల ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలోవాళ్లు కిటికీలు మూసుకుని అన్నం తింటున్నారు. పెద్ద నగరాలకు ఆ పాఠం ఆలస్యంగా అందింది. లక్ష దాటిన జనాభా ఉన్న పోర్ట్‌బ్లెయిర్‌కు ఇంకా సమయం ఉంది. చెత్తను ఇంటి దగ్గరే వేరుచేసి, పనికొచ్చే ప్లాస్టిక్‌ను ఓడలో వెనక్కి పంపే ఏర్పాటు గట్టిగా చేస్తే బ్రూక్‌షాబాద్ మీద భారం బాగా తగ్గుతుంది. సరుకు తెచ్చి ఖాళీగా తిరిగిపోయే ఓడలున్నాయి. వాటికి ఈ పని అప్పగించడానికి కావలసింది ఒక గట్టి నిర్ణయం.

హైదరాబాద్ నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి నీరొచ్చే దారులు మూసుకుపోకుండా 1996 మార్చిలో జీవో 111 తెచ్చారు. చెరువులకు పది కిలోమీటర్ల చుట్టూ, 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం గొప్పది. కానీ ఆ 84 ఊళ్ల రైతులు పాతికేళ్లపాటు ఒకే ప్రశ్న అడిగారు: నగరం తాగే నీటికి మా భూమి విలువ ఎందుకు పణంగా పెట్టాలి, మాకు దక్కేదేమిటి? దానికి ఏ ప్రభుత్వమూ నిక్కచ్చిగా జవాబు చెప్పలేదు, ఏటా ఇంత అని పరిహారం కట్టలేదు. ఆ అసంతృప్తిని ఊతంగా చేసుకునే 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. ధనిఖారి చుట్టూ ఉన్న పల్లెల్ని కాపాడాలంటే ఆంక్షలొక్కటే చాలవు. చెట్టు నరకకుండా, వాలు తవ్వకుండా ఉన్నందుకు ఆ కుటుంబాలకు నీటి పన్నులోంచి ఏటా వాటా ఇవ్వాలి. ఆ పల్లెలకు కుళాయి ముందు రావాలి, నగరానికి తర్వాత.

భూమి కాగితాల దగ్గర శివారు జనం మరీ బలహీనులు. ఇక్కడ భూములకు 1966 నాటి భూరెవెన్యూ, భూసంస్కరణల నిబంధన వర్తిస్తుంది. భూమి ప్రభుత్వానిది, సాగుకు ఇచ్చినదాన్ని ఇంటికి మళ్లించాలంటే అనుమతి కావాలి. ఖైదీల వారసులకు, అంటే ఇక్కడ ‘లోకల్ బోర్న్’ అనిపించుకునేవాళ్లకు, భూమి ఉంది. 1949 తర్వాత స్థిరపరచిన కుటుంబాలకు పది ఎకరాల పట్టా ఉంది. ఆ తర్వాత వచ్చిన కూలీకి, చేపలవాడికి, తాపీమేస్త్రీకి ఏదీ లేదు. కొండవాలు మీద నాలుగు స్తంభాలు పాతి రేకులేసుకున్నాడు. అడవి ఆక్రమణలకు 1978ని గీతగా పెట్టారు. అంతకుముందు వచ్చినవాడికి కొంత గుర్తింపు, ఆ తర్వాత వచ్చినవాడు ఆక్రమణదారు. 2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద ఇచ్చిన ఆదేశాల్లో అటవీ ఆక్రమణల తొలగింపు, తీరంలో ఇసుక తవ్వకం దశలవారీగా ఆపేయడం రెండూ ఉన్నాయి. అడవికీ తీరానికీ అది మేలు చేసిన తీర్పు. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ ఇసుక ఆపినప్పుడు పేదవాడి ఇంటికి దారి చూపించి ఉండాల్సింది. రాతిపొడి, సిమెంటు దిమ్మెలు కొనగలిగినవాడు పక్కా ఇల్లు కట్టుకున్నాడు, కొనలేనివాడు చెక్కల్లోనే ఉండిపోయాడు. ఆ రాతిపొడి కోసం శివారు కొండల్నే తవ్వారు.

ఇన్ని జరుగుతున్నా అడిగేందుకు ఈ ఊళ్లకు పెద్ద గొంతు లేదు. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. ఎమ్మెల్యే లేడు. మొత్తం దీవులకు ఒకే ఒక్క లోక్‌సభ సభ్యుడు. పల్లెలో ప్రధాన్, ఆపైన పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు ఉన్నాయి. పెద్ద నిర్ణయాలు లెఫ్టినెంట్ గవర్నర్ కార్యాలయంలో, ఢిల్లీలో జరుగుతాయి. మున్సిపాలిటీలో కలిసిన ఊరికి కౌన్సిలరుంటాడు, పన్ను కూడా ఉంటుంది. కలవని ఊరికి రెండూ ఉండవు, కానీ నగరం చెత్తా క్వారీ దుమ్మూ మాత్రం తప్పవు. 2005లో గాజువాకనూ 32 గ్రామాలనూ కలిపి గ్రేటర్ విశాఖ చేసినప్పుడు, 2013లో భీమిలి, అనకాపల్లిని చేర్చినప్పుడు ఎంత వాదన జరిగిందో గుర్తుంది. పన్నులు పెరిగాయి, కుళాయిలు ఆలస్యంగా వచ్చాయి. వాదించడానికి అక్కడ ఎమ్మెల్యేలున్నారు, పత్రికలు దగ్గర. శాసనసభే లేని దీవుల్లోని ఒక పల్లెకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

రాకపోకలు ఇంకో తలనొప్పి. నగరానికి ఎదురుగా, సన్నని సముద్రపు పాయకు అవతల బంబూఫ్లాట్ ఉంది. చాథం రేవు నుంచి ఫెర్రీలో కొద్ది నిమిషాలే. అదే రోడ్డు మీద చుట్టి రావాలంటే గంటకు పైమాటే. విమ్‌బర్లీగంజ్ వైపు పల్లెల నుంచి ఆసుపత్రికీ కాలేజీకీ ఆఫీసుకూ వచ్చేవాళ్లు పొద్దున్నే ఈ ఫెర్రీ కోసం వరుస కడతారు. సముద్రం బాగా లేనప్పుడు, పడవ మరమ్మతులో ఉన్నప్పుడు ఆ రోజు కూలి పోయినట్టే. చిడియాటాపూ దారిలో రంగాచాంగ్, బర్మానాలా, కొడియాఘాట్ పల్లెల్లో సాయంత్రం చివరి బస్సు తప్పితే ఆటోకు ఇచ్చే డబ్బు రోజు సంపాదనలో పెద్ద ముక్క. జనం తక్కువ ఉన్న దారిలో బస్సు గిట్టుబాటు కాదని అధికారులు అంటారు. గిట్టుబాటు లెక్కేస్తే దీవుల మధ్య ఓడ ఒక్కటీ నడవదు. అక్కడ ప్రభుత్వం నష్టాన్ని భరించి నడుపుతోంది, సరైన పని చేస్తోంది. పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరంలోని పల్లెకు రాత్రి తొమ్మిదింటికి ఇంకో బస్సు వేయడం దానికి బరువు కాదు.

‘ఖాళీ’ అన్న ఈ లెక్క ఎంత దూరం వెళ్లగలదో గ్రేట్ నికోబార్ చూపిస్తోంది. 2011లో ఆ దీవి జనాభా 8 వేల చిల్లర. అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కలిపి 72 వేల కోట్ల రూపాయల ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. భవిష్యత్తులో లక్షల మంది నివసిస్తారని పత్రాల్లో రాశారు. షోంపెన్, నికోబారీ ఆదివాసులు వందల ఏళ్లుగా ఉన్న నేల అది. పోర్ట్‌బ్లెయిర్ శివారు పల్లెకూ గ్రేట్ నికోబార్ అడవికీ పోలిక చిన్నదే కావచ్చు. చూసే కన్ను మాత్రం ఒకటే: తక్కువమంది ఉన్నారు కాబట్టి వాళ్లను అడగకపోయినా ఫరవాలేదన్న కన్ను.

ఏం చేయాలో చెప్పడం కష్టం కాదు. ధనిఖారి పరివాహక ప్రాంతానికి చట్టబద్ధమైన హద్దు గీసి, ఆ పల్లెలకు ముందు నీళ్లు, ఏటా పరిహారం ఇవ్వాలి. బ్రూక్‌షాబాద్ గుట్టను తవ్వి శుభ్రం చేసి, కొత్త చెత్త రాకకు తేదీ పెట్టి ఆపాలి. సిప్పీఘాట్‌లో మునిగిన ప్రతి సర్వే నంబరుకూ లెక్క తేల్చి, ఆ కుటుంబాలకు చేపల పెంపకంలోనో పర్యాటక పనిలోనో మొదటి హక్కు ఇవ్వాలి. ఏళ్లుగా కొండవాలు మీదున్న ఇళ్లలో, అడవికి హాని లేని రెవెన్యూ నేల మీదున్నవాటికి కాగితం ఇవ్వాలి. ఇంకో పల్లెను మున్సిపాలిటీలో కలిపే ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయాలి.

ఈ పని అండమాన్‌కున్న ఒక్క ఎంపీతో అయ్యేది కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25 మంది వెళ్తున్నారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ సభ్యుల నియోజకవర్గాల్లో అండమాన్‌లో అన్నో చెల్లెలో ఉన్న ఇళ్లు ఉన్నాయి. వచ్చే సమావేశాల్లో వాళ్లు హోంశాఖను మూడు ప్రశ్నలు అడగాలి: ధనిఖారి చుట్టూ హద్దు ఎప్పుడు గీస్తారు, బ్రూక్‌షాబాద్ ఎప్పుడు శుభ్రం చేస్తారు, శివారు కొండల మీద ఉన్న మనవాళ్ల ఇళ్లకు పట్టాలు ఎప్పుడిస్తారు? ఆ మూడింటికీ రాతపూర్వకమైన జవాబు వచ్చేదాకా ఊరుకోవద్దని ఉత్తరాంధ్ర ఓటర్లు తమ ఎంపీలకు గట్టిగా చెప్పాలి.